పరాయి పేరుతో బ్రతుకు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. నాకు కార్యదర్శిగారు ఇచ్చిన ఉత్తరువు వేరు. "మీరెప్పుడూ ఏవో గూఢచారుల పుస్తకాలు చదువుతుంటారు కదండీ, భోజనాలకు ముందు ఒక అరగంట వాటి సంగతి చెప్పండి" అన్నారు. రిటైరయ్యాక కొందరికి భక్తి పట్టుకుంటుంది, కొందరికి పేకాట పట్టుకుంటుంది. నాకు ఇది పట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళు ట్రెజరీలో పెన్షను బిల్లులు చూసినవాడికి ఇదేం పిచ్చి అని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది. నిజం చెప్పాలంటే అక్కడ చేసిన పనికీ దీనికీ దగ్గర సంబంధమే ఉంది. ఫలానా మనిషి ఫలానావాడేనా అని తేల్చడమే కదా రెండింటిలోనూ పని!

మనందరికీ ఏటా ఒక పరీక్ష ఉంది. నేను బ్రతికే ఉన్నాను, ఆ పెన్షనరును నేనే అని రుజువు చేసుకోవాలి. వెనక గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెడితే సరిపోయేది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలు పెట్టమంటున్నారు. పోయిన ఏడు ఆ మిషను నా బొటనవేలిని నాలుగుసార్లు కాదుపొమ్మంది. అయిదోసారి తడిగుడ్డతో తుడుచుకుని పెడితే గాని నేను నేనని ఒప్పుకోలేదు. నేను నేనే అని ఏడాదికొకసారి చెప్పుకోవడానికే ఇంత తంటా అయితే, నేను నేను కాను, ఇంకొకణ్ణి అని ప్రతిరోజూ, ప్రతి గంటా, పరాయి దేశంలో ఏళ్ళ తరబడి నమ్మించుకుంటూ బ్రతికేవాడి పాట్లు ఎలా ఉంటాయో ఊహించండి. ఇదీ ఇవాళ నా విషయం.

గూఢచారులు రెండు రకాలు. రాయబార కార్యాలయంలో ఏదో ఒక హోదాతో, సొంత పేరుతో, సొంత దేశం పాస్‌పోర్టుతో కూర్చుని గుట్టుగా ఆ పని చేసేవారు ఒక రకం. పట్టుబడితే దౌత్య రక్షణ ఉంటుంది, విమానం ఎక్కించి పంపేస్తారు. రెండో రకానికి ఆ రక్షణ లేదు. వేరే దేశస్థుడి పేరుతో, వేరే పుట్టుకతో, మామూలు వ్యాపారిగానో ఉద్యోగిగానో జనంలో కలిసిపోతారు. రష్యా వారు వీరిని 'ఇల్లీగల్స్' అంటారు. వీరికోసం అల్లిన జీవితకథను 'లెజెండ్' అంటారు. ఎక్కడ పుట్టాడు, ఏ బడిలో చదివాడు, తండ్రి ఏం చేసేవాడు, ఇంట్లో కుక్క ఉండేదా లేదా, అన్నీ అందులో ఉంటాయి. పరీక్షకు గైడు బట్టీపట్టినట్టు పట్టాలి. తేడా ఏమంటే ఈ పరీక్షకు ముగింపు గంట కొట్టరు.

బయటివాళ్ళకు అతి కష్టమని తోచేది కాగితాలు సంపాదించడం. నిజానికి తక్కిన కష్టాలతో పోలిస్తే అదే తేలికైనది. చిన్నతనంలోనే చనిపోయిన బిడ్డ పేరు వెదుకుతారు. జనన రిజిస్టరులో పుట్టినట్టు ఉంటుంది. మరణం ఇంకో పుస్తకంలో, ఒక్కోసారి ఇంకో ఊళ్ళో నమోదై ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే గుమాస్తా ఉండడు. జనన ధ్రువపత్రం చేతికొస్తే ఆ తరువాత లైసెన్సు, ఆ తరువాత పాస్‌పోర్టు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తాయి. 1948లో అమెరికాలో ప్రవేశించి 'రుడాల్ఫ్ ఆబెల్'గా లోకానికి తెలిసిన సోవియట్ ఏజెంటు ఎమిల్ గోల్డ్‌ఫస్ అనే పేరుతో మసిలాడు. ఆ పేరుగల శిశువు న్యూయార్కులో ఎప్పుడో పుట్టి, పసితనంలోనే పోయాడు. 1978లో అమెరికా చేరిన తూర్పు జర్మనీవాడు ఆల్బ్రెక్ట్ డిట్రిష్, పదేళ్ళ వయసులో 1955లో చనిపోయిన జాక్ బార్‌స్కీ అనే కుర్రవాడి పేరు తొడుక్కున్నాడు. ముప్పై దాటిన మనిషి మొదటిసారి సోషల్ సెక్యూరిటీ కార్డు కావాలని వెళితే అనుమానం రాదా? ఇన్నాళ్ళూ పొలాల్లో కూలిచేశాను, కార్డు అవసరం పడలేదు అన్నాడు. ఇచ్చారు.

ఇది చదివినరోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను. నేను సీటులో ఉన్న రోజుల్లో ఒక అటెండరు పోయాడు. సర్వీసు రిజిస్టరులో 'పెద అప్పన్న', భార్య తెచ్చిన రేషను కార్డులో 'అప్పన్న'. ఫ్యామిలీ పెన్షను కాగితాల మీద అభ్యంతరం రాసినది నేనే. రూలు ప్రకారం తప్పులేదు. ఆ అమ్మ బస్సు ఎక్కి వచ్చి, బయట బెంచీ మీద కూర్చుని, ఇంకో కాగితం తెమ్మంటే వెళ్ళి, మళ్ళీ వచ్చేది. అయిదు నెలలు పట్టింది. లేని మనిషికి అన్ని కాగితాలూ దొరికాయి, మన మధ్య తిరిగిన మనిషికి దొరకలేదు. ఆమె ఎప్పుడూ నన్ను ఒక మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

సరే, విషయానికి వస్తాను. కాగితాలు చేతికొచ్చాయి. మరి ఒళ్ళు? మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో పుట్టుమచ్చలు రెండు రాసే గడి ఉండేది, గుర్తుందా? ఆ గడి విలువ కోనోన్ మొలోడీని అడగాలి. మాస్కోలో పుట్టినవాడు. చిన్నప్పుడు కొన్నేళ్ళు కాలిఫోర్నియాలో పిన్ని దగ్గర పెరగడంవల్ల ఇంగ్లీషు ధారాళంగా వచ్చింది. కెనడాలో పుట్టిన గోర్డన్ లాన్స్‌డేల్ పేరుతో 1955లో లండన్ చేరి, పాటల యంత్రాలూ, నాణెం వేస్తే సరుకు పడే యంత్రాలూ అద్దెకిచ్చే వ్యాపారం చేశాడు. సరదా మనిషి, అందరికీ ఇష్టుడు. 1961 జనవరిలో పట్టుబడ్డాక, అసలు లాన్స్‌డేల్ ఎవరో తేల్చడానికి కెనడాలో వాకబు చేశారు. అసలు బిడ్డకు పసితనంలో చేసిన ఒక చిన్న శస్త్రచికిత్స డాక్టరుగారి లెక్కల్లో దొరికింది. జైల్లో ఉన్నవాడి ఒంటిమీద ఆ గుర్తు లేదు. లెజెండ్ అల్లినవారికి పల్లె డాక్టరు పుస్తకం సంగతి తట్టలేదు.

ఒంటికంటే కష్టమైనది నోరు. ఎలీ కోహెన్ సంగతి చూడండి. 1924లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టాడు. తల్లిదండ్రుల మూలాలు సిరియాలోని అలెప్పోలో ఉన్నాయి. అరబ్బీ అతని ఇంటి భాషే. అయినా సిరియాకు పంపాలనుకున్నప్పుడు ఇజ్రాయెల్ వారికి పట్టుకున్న భయం ఆ అరబ్బీయే! అతనిది ఈజిప్టు యాస. మన గోదావరి జిల్లా మనిషి ఆదిలాబాదులో అక్కడివాడినే అని చెప్పుకుంటే ఎన్ని నిమిషాలు నిలుస్తాడు? 'అలాగేనండీ' అన్న ఒక్క మాటతో బండారం బయటపడుతుంది. అందుకని యాస మార్పించారు. యూదుడైన అతనికి ముస్లిం ప్రార్థనలు, ఆచారాలు నేర్పారు. 1961లో ముందుగా అర్జెంటీనా పంపారు. అక్కడ సిరియా నుంచి వలసవచ్చినవారు చాలామంది ఉన్నారు. ఆ జనంలో కలిసి, స్పానిష్ నేర్చుకుని, కామెల్ అమీన్ థాబెత్ అనే ధనిక వ్యాపారిగా పేరు నిలబెట్టుకుని, స్వదేశం మీద మమకారంతో తిరిగివెళుతున్న కొడుకులాగా 1962 మొదట్లో డమాస్కస్‌లో దిగాడు. సూటిగా వెళ్ళివుంటే అడిగేవారు, ఎవరబ్బాయివి నువ్వు అని. బ్యూనస్ ఎయిర్స్ మీదుగా వెళ్ళాడు కనుక, చెప్పేందుకు ఒక ఊరూ, తెలిసినవారి ఉత్తరాలూ చేతిలో ఉన్నాయి.

నోటి తరువాత చెయ్యి. చేతికి దాని అలవాట్లు దానికుంటాయి. నూర్ ఇనాయత్ ఖాన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. టిప్పు సుల్తాను వంశపు ఆడపడుచు. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడా సంగీత విద్వాంసులు. ఆయన మన హైదరాబాదు వచ్చి మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో పాడారు, ఇక్కడే సూఫీ గురువును కనుగొన్నారు. నూర్ పెరిగినది పారిస్ దగ్గర. ఫ్రెంచి ఆమెకు సొంత భాషతో సమానం. 1943 జూన్‌లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సుకు బ్రిటన్ ఆమెను రేడియో ఆపరేటరుగా పంపింది. ఝాన్-మరీ రెనియే అనే పిల్లల నర్సు వేషం. అంతా సరిపోయింది. కాని ఒక ఇంట్లో టీ ఇస్తూ కప్పులో ముందు పాలు పోసిందట. అది ఇంగ్లీషువారి అలవాటు. పక్కనున్నవారు చూసి హెచ్చరించారని ఆమె జీవితచరిత్రలో ఉంది. ఆమె పట్టుబడినది టీ వల్ల కాదు, ఎవరో అందించిన సమాచారం వల్ల. 1944 సెప్టెంబరులో డాహౌ నిర్బంధ శిబిరంలో చంపేశారు. అప్పటికి ముప్పై ఏళ్ళు. ఆ కప్పు సంగతి చదివాక నేను మా ఇంట్లో చెయ్యి ముందు దేనిమీదికి పోతుందో గమనిస్తున్నాను. పెరుగన్నంలో ఆవకాయ బద్ద ఎటువైపు పెట్టుకుంటానో కూడా మార్చుకోలేకపోయాను.

ఇక అన్నిటికంటే బరువైనది ఒంటరితనం. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, కార్యదర్శిగారు మన్నించాలి.

ఇందాక చెప్పిన ఆబెల్ అసలు పేరు విలియం ఫిషర్. ఇంకో విచిత్రం, అతను పుట్టినది ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో. రష్యా నుంచి వెళ్ళిన విప్లవకారుల బిడ్డ. న్యూయార్కులో, బ్రూక్లిన్‌లో ఫెడరల్ కోర్టు దగ్గరలోనే ఒక చిత్రకారుడి స్టూడియో అద్దెకు తీసుకుని, కుర్ర చిత్రకారులతో స్నేహం చేస్తూ, తానూ బొమ్మలు వేస్తూ, పెద్దమనిషిలా బ్రతికాడు. వారెవ్వరికీ అనుమానం రాలేదు. అతనికి సహాయకుడిగా 1952లో రైనో హైహానెన్ అనేవాణ్ణి పంపారు. అదే ఉద్యోగం, అదే శిక్షణ, అదే ఊరు. కాని హైహానెన్ ఒంటరితనాన్ని తాగుడుతో నింపుకున్నాడు. ఇంట్లో గొడవలు, డబ్బు దుబారా. చివరికి వెనక్కు రమ్మంటే భయపడి, 1957 మేలో పారిస్‌లో అమెరికా వారికి లొంగిపోయి అంతా చెప్పేశాడు. జూన్ 21న ఫిషర్ అరెస్టు అయ్యాడు.

క్రమశిక్షణ గల మనిషి కదా, ఫిషర్ గదిలో ఏం దొరికిందో తెలుసా? రహస్య సంకేతాల సామగ్రి దొరికింది, అది ఎలాగూ ఉంటుంది. దానితోపాటు మైక్రోఫిల్ము మీదికి ఎక్కించిన ఉత్తరాలు దొరికాయి. మాస్కోలోని భార్య, కూతురు రాసినవి. ఇంటి సంగతులు, కూతురి సంగతులు, ఎప్పుడొస్తావు అన్న ఎదురుచూపులు. చదవగానే కాల్చేయాలి అని మొదటి పాఠంలోనే నేర్పి ఉంటారు. అలాంటి పాఠాలు ఇంకొకరికి చెప్పగల అనుభవం ఉన్నవాడు అతను. అయినా కాల్చలేదు. ఆ ఉత్తరాలను విచారణలో పైకి చదివారు. గోల్డ్‌ఫస్‌కు మాస్కోలో భార్యాబిడ్డలు ఎందుకుంటారు? మన ఇళ్ళలో ఇనప్పెట్టె అడుగున పాత ఇన్‌లాండ్ కవర్లు ఉంటాయి. ఎవరు పారేయగలిగారు? ఫిషర్‌కు కేంద్రం మీద విశ్వాసం తక్కువై కాదు. తనను తన పేరుతో ఎరిగినవారు లోకంలో ఇద్దరున్నారని రుజువు కావాలి, ఆ రుజువు ఆ ఫిల్ముముక్కలే.

పట్టుబడ్డాక కూడా అసలు పేరు చెప్పలేదు. రుడాల్ఫ్ ఆబెల్ అని, చనిపోయిన తన మిత్రుడి పేరు చెప్పాడు. ఆ పేరు పత్రికల్లో వస్తే మాస్కోవారు గ్రహిస్తారని. 1962 ఫిబ్రవరి 10న బెర్లిన్ దగ్గరి గ్లీనికె వంతెన మీద అమెరికా పైలట్ గారీ పవర్స్‌కు బదులుగా విడుదలై ఇంటికి చేరాడు. 1971లో మరణించాడు. మాస్కోలోని డొన్‌స్కోయె శ్మశానంలో అతని సమాధి రాతిమీద రెండు పేర్లూ చెక్కి ఉన్నాయి, ఫిషర్, ఆబెల్ అని.

కోహెన్‌కు అలా ఇంటికి చేరే అదృష్టం లేదు. 1959లో నాదియా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఉద్యోగరీత్యా విదేశాల్లో సరుకులు కొనే పని అని భార్యకు చెప్పాడు. డమాస్కస్‌లో సేనాని కార్యాలయాలకు దగ్గరలో ఖరీదైన ఫ్లాటు, విందులు, ఆఫీసర్లతో స్నేహం. అందరిలోనూ తిరిగేవాడు, లోపలి మాట ఒక్కరితోనూ చెప్పుకోలేడు. అక్కడ అతను పెళ్ళికాని ధనికుడు. ఎంచేతనో పెళ్ళిచేసుకోవేమని అడిగేవారు ఏ దేశంలోనైనా ఉంటారు కదా! ఇక్కడ ఆమెకు మూడేళ్ళలో భర్త కనబడిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. 1964 నవంబరులో మూడో బిడ్డ పుట్టిన సందర్భంగా ఇంటికి వచ్చాడు. అదే చివరి రాక. తిరిగి వెళ్ళాక రేడియో సందేశాలు తరచుగా, దాదాపు ఒకే వేళకు పంపుతూ వచ్చాడు. 1965 జనవరిలో సోవియట్ యంత్రాల సాయంతో సిరియావారు సంకేతం వచ్చే గదిని పసిగట్టి, సందేశం పంపుతుండగానే పట్టుకున్నారు. మే 18న డమాస్కస్ నడిబొడ్డున మర్జె చౌకులో ఉరితీశారు.

ఎందుకంత అజాగ్రత్త అని విమర్శకులు చాలా రాశారు. నా అభిప్రాయం వేరు, ఒప్పుకోనక్కరలేదు. పరాయి పేరుతో రోజంతా నటించినవాడికి, ఆ రేడియో ముందు కూర్చున్న కాసేపే తాను తానుగా ఉండే సమయం. సెలవు నుంచి, ఉయ్యాల పక్కనుంచి లేచివెళ్ళినవాడు ఆ కాసేపటిని పొడిగించుకున్నాడేమో.

ఉరికి ముందు భార్యకు ఉత్తరం రాయనిచ్చారు. పిల్లలను చూసుకో, మళ్ళీ పెళ్ళి చేసుకో అని అందులో రాశాడు. ఆమె చేసుకోలేదు. భర్త అస్థికలు ఇప్పించండని దశాబ్దాలుగా అడుగుతూనే వచ్చింది. 2025 మేలో, సిరియా భద్రతా విభాగాల దస్తావేజుల నుంచి అతనికి సంబంధించిన సుమారు 2,500 పత్రాలు, వస్తువులు తెచ్చామని ఇజ్రాయెల్ ప్రకటించి ఆమెకు చూపించింది. అతని చేతిరాతలో ఉన్న వీలునామా అందులో ఉంది. అరవై ఏళ్ళు ఒక ఫైల్లో ఉన్న కాగితం. అస్థికలు మాత్రం రాలేదు.

ఇంతవరకు చెప్పినవాళ్ళు ఇంటిని వదిలివెళ్ళినవాళ్ళు. ఇంటినే వేషంలోకి దింపినవారి సంగతి చెప్పి ముగిస్తాను.

ఆండ్రే బెజ్రుకోవ్, ఎలీనా వావిలోవా అనే రష్యన్ దంపతులు డొనాల్డ్ హీత్‌ఫీల్డ్, ట్రేసీ ఫోలీ అనే కెనడావాళ్ళుగా ఇరవై ఏళ్ళు బ్రతికారు. ఇంట్లో తలుపులు వేసుకున్నాక కూడా రష్యన్ మాట్లాడుకోలేదు. ఇద్దరు కొడుకులు పుట్టారు. 2010 జూన్ 27న, పెద్దవాడి ఇరవయ్యో పుట్టినరోజునాడు, అమెరికాలోని వారి ఇంటి తలుపు ఎఫ్.బి.ఐ. తట్టింది. అమ్మానాన్నల పేర్లు అవి కావని పిల్లలకు అప్పుడు తెలిసింది. చిన్నవాడు కెనడా పౌరసత్వంకోసం కోర్టులకెక్కి, 2019 డిసెంబరులో ఆ దేశపు సుప్రీంకోర్టులో గెలిచాడు. అమ్మానాన్నలు చేసినదానికి నేను పుట్టిన దేశం నాది కాకుండా పోతుందా అన్నదే అతని వాదం.

దీనికంటే నన్ను కదిలించినది 2024 సంగతి. అర్తెమ్ దుల్ట్సెవ్, అన్నా దుల్ట్సెవా అనే భార్యాభర్తలు అర్జెంటీనావాళ్ళుగా చెప్పుకుని స్లొవేనియా రాజధాని ల్యూబ్లియానాలో కాపురం పెట్టారు. ఆమె ఇంటర్నెట్ మీద చిత్రాలు అమ్మే దుకాణం నడిపేది. ఇంట్లో స్పానిష్. బడికి వెళ్ళే అమ్మాయి, అబ్బాయి. 2022 డిసెంబరులో తల్లిదండ్రులిద్దరినీ పట్టుకున్నారు. పిల్లలను వేరే సంరక్షణలో ఉంచారు. 2024 ఆగస్టు 1న తుర్కియే రాజధాని అంకారాలో ఖైదీల మార్పిడి జరిగింది. అంకారాలో విమానం లేచాక గాని తాము రష్యన్లమని ఆ పిల్లలకు తెలియదని రష్యా అధ్యక్షభవనం ప్రతినిధే చెప్పారు. మాస్కోలో విమానం దిగాక పుతిన్ పూలగుత్తులిచ్చి, వారికి రష్యన్ రాదు కనుక స్పానిష్‌లో శుభరాత్రి చెప్పారు. ఆయన ఎవరని పిల్లలు తల్లిదండ్రులను అడిగారట.

ఈ వార్త ఆ రోజుల్లో మా మనవరాలికి చదివి చెప్పాను. ఆరో తరగతి. అమెరికాలో పుట్టింది, సెలవులకు వచ్చింది. కాసేపు ఆలోచించి, "మరి వాళ్ళు ఇప్పుడు వాళ్ళమ్మని ఏమని పిలుస్తారు తాతయ్యా?" అంది.

"అమ్మా అనే పిలుస్తారు, ఇంకేమంటారు?" అన్నాను.

"ఏ భాషలో?" అంది.

నాకు జవాబు తోచలేదు. మీలో ఎవరికైనా తోస్తే భోజనాల దగ్గర చెప్పండి. వంటవారు ఇందాకటి నుంచి తలుపు దగ్గర నిలబడి నావైపే చూస్తున్నారు. సెలవు.